క్లాసుల కన్నా ఇంటికొచ్చిన రోజే పనికొచ్చింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్ సంగతి ఆటిజం పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది వినే ఉంటారు. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడించాలో ఇంట్లోవాళ్లకే నేర్పే శిక్షణ అది. 2 నుంచి 9 ఏళ్ల పిల్లలున్నవాళ్లకి 9 గ్రూపు క్లాసులు, ట్రైనర్ 3 సార్లు ఇంటికి రావడం. నెల్లూరులో ఒక సెంటర్ వాళ్లు ఆ పద్ధతిలో నడిపిన బ్యాచ్‌లో చేరి ఏడాది దాటింది. ఆటిజం అని కాగితం చేతికి రాకముందే చేర్చుకున్నారు, అది మెచ్చుకోవాలి.

క్లాసులు పర్లేదు. కావలి నుంచి పిల్లవాణ్ణి చంకనేసుకుని రైల్లో వెళ్లేసరికే సగం ఓపిక అయిపోయేది. వాడి ధ్యాస దేని మీదుందో చూసి మనం అందులోకి వెళ్లాలి, ఒక్క మాట అని ఆగాలి అనేవారు. వింటే తేలికే.

ఇంటికొచ్చిన ట్రైనర్ మేడం సంచిలోంచి బొమ్మలేమీ తీయలేదు. మా అత్తగారు వరండాలో శెనక్కాయలు ఒలుస్తున్నారు. వాడు ఒక్కో కాయ తీసుకెళ్లి రేకు డబ్బాలో వేసి ఆ చప్పుడు వింటున్నాడు. నేను లేపబోతే మేడం వద్దన్నారు. "పెద్దమ్మా, కాయ మీరే ఇవ్వండి. 'ఇంద' అని కాసేపు ఆగండి" అన్నారు. అత్తగారు కాయ తన కళ్ల దగ్గర పట్టుకుని "ఇంద" అన్నారు. వాడు డబ్బా వైపు చూశాడు, కాయ వైపు చూశాడు, చివరికి ఆమె మొహంలోకి చూసి చెయ్యి చాపాడు. గంప ఖాళీ అయ్యేదాకా అదే ఆట. కొన్నాళ్లకి చేత్తో పాటు "ద" అనడం కూడా మొదలైంది. క్లాసు మొహం చూడని మనిషి అందరికంటే బాగా చేసింది. ఆమెకి తొందర లేదు, అంతే.

మూడో విజిట్ మాత్రం వీడియో కాల్‌తో కానిచ్చేశారు. వాడు ఫోన్ లాక్కున్నాడు, మేడం చూసిందల్లా మా ఫ్యాను. దాన్నీ ఇంటి విజిట్ కింద రాసి సంతకం పెట్టమన్నారు! ఆ కోపం ఇంకా పోలేదు. బ్యాచ్ అయ్యాక ఎలా ఉన్నాడని అడిగిన నాథుడూ లేడు.

మొదట్లో తెలిసినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని చేరండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడైతే ఇంట్లో తీరిగ్గా ఉండే పెద్దవాళ్లున్నారా అని ముందు అడుగుతున్నాను. స్పీచ్ థెరపీ మేం మానలేదు, కాబట్టి వచ్చిన నాలుగు మాటల్లో దేని వాటా ఎంతో చెప్పలేను. మావాడికి అప్పుడు మూడేళ్లు, బాధంతా మాటల దగ్గరే. నిద్ర పట్టని పిల్లలకి, పేచీలు ఎక్కువున్న పిల్లలకి ఇంతే పనిచేస్తుందో లేదో మరి. చేరేటట్లయితే మాత్రం ఇంటికి మనిషే వస్తారా, ఫోన్‌తో సరిపెడతారా అని ముందే తేల్చుకోండి.