ఎటిమ్‌ఆన్‌లైన్ సైట్: ‘లెగ్’ మాటతో పరీక్షిస్తే

ఇంగ్లిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలకు ఉచితంగా దొరికేవాటిలో ఎటిమ్‌ఆన్‌లైన్ అంత సులువైనది లేదు. లాగిన్ అక్కర్లేదు. కడపలో బ్రౌన్ నిఘంటువు తిరగేసే అలవాటున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఇది అర్థాలకు కాదు, మాట ఎక్కడిదో చూసుకోవడానికి.

‘లెగ్’ అని కొట్టి, నామవాచకం తెరవండి. 13వ శతాబ్దం చివర ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. మూలం స్కాండినేవియావాళ్ల పాత భాష నార్స్‌లోని ‘లెగ్గ్‌ర్’, అంటే కాలు, లేదా కాలిచేతుల ఎముక. ‘బహుశా’ అని ఉన్నచోట ఆ ‘బహుశా’ను మీ నోట్సులోనూ ఉంచండి. ముందు నక్షత్రం గుర్తు (*) ఉన్న రూపాలు ఎక్కడా రాసి దొరికినవి కావు, పండితులు ఊహించి కట్టినవి. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

అసలు ఇంగ్లిష్ మాట ‘షాంక్’. 9వ శతాబ్దంలో నార్స్ మాట్లాడే డేన్లు (డెన్మార్క్ వాళ్లు) ఇంగ్లండ్‌లో స్థిరపడి, ఇరుగుపొరుగుగా బతికాక వాళ్ల మాట ‘లెగ్’ లోపలికొచ్చింది. ‘షాంక్’ మోకాలి కిందికి, మాంసం కొట్టుకు జారిపోయింది. మన దగ్గర తిరగబడింది: ఉర్దూ నుంచి వచ్చిన ‘పాయా’ హోటల్ గిన్నెలోనే ఆగింది, ఒంటికున్నది మాత్రం ‘కాలు’గానే మిగిలింది.

చిక్కు స్కాండినేవియా వైపు వెళ్తే వస్తుంది. డేనిష్‌లో ఎల్-ఈ-జీ అని రాసి ‘లై’లా పలికే మాటకు ఆట అని అర్థం, ‘బాగా ఆడు’ అనే డేనిష్ మాటల నుంచే 1934లో లెగో పేరు పుట్టింది. కాలితో దానికి ఏ సంబంధమూ లేదు. మన ‘లెగ్’కు అసలు చుట్టం డేనిష్‌లో పిక్కకు వాడే మాట, దాని స్పెల్లింగ్‌లో అచ్చు వేరు. మరి కాలును ఏమంటారు? డేనిష్‌లోనూ స్వీడిష్‌లోనూ ‘బేన్’. స్వీడిష్‌లో ఎముకా అదే, ఇంగ్లిష్ ‘బోన్’కు తోబుట్టువు. ఎముక పేరు కాలుకు రావడం ఇలా రెండుసార్లు జరిగిందన్నమాట.

సైట్‌లో లోటు: పాత పుస్తకాల్లోని వాడుక వాక్యాలు వరసగా ఇవ్వదు. తెలుగుతో పోలిక మీరే చూసుకోవాలి. మనం ‘కాళ్లు కడుక్కో’ అన్నప్పుడు కడిగేది పాదాలే. దాన్ని ‘లెగ్స్’ అని రాస్తే ఇంగ్లిష్‌లో తొడ దాకా పోతుంది.

నా మార్కులు ఐదుకు నాలుగు. డేనిష్ మాటల్ని ఆర్డ్‌నెట్‌లో, స్వీడిష్‌వి స్వెన్‌స్కా డాట్ ఎస్‌ఈలో సరిచూసుకోండి. రెండూ ఉచిత నిఘంటువు సైట్లే.