వ్యాన్ వెనక తలుపు, మూడు సైకిళ్ళు, ఒక పాత ట్యూబు

ఫ్రాన్స్‌లోని కాలే రేవులో ఓడ దిగి అరగంట కూడా కాలేదు. డన్‌కర్క్ వైపు ఏ16 హైవే మీద వ్యాన్‌లో పోతుంటే వెనక లారీవాడు ఒకటే లైట్లు కొడుతున్నాడు. దారి అడుగుతున్నాడేమోనని స్పీడు పెంచాను. అది నా రెండో తప్పు. మొదటిది వ్యాన్ వెనక తలుపుకి తగిలించే ఆ సైకిల్ ర్యాక్ కొనడం.

కాసేపటికి పక్క లేన్‌లోకొచ్చి బొటనవేలు వెనక్కి చూపించాడు. రోడ్డు పక్క విశ్రాంతి స్థలం కనపడగానే ఆపి వెనక్కి పరిగెత్తాను. ర్యాక్ కింది పట్టాలు నాలుగు వేళ్ళ మేర కిందికి జారిపోయాయి. మా ఆవిడ సైకిల్ హ్యాండిల్ వ్యాన్ అద్దాన్ని ఒరుసుకుంటోంది. పై కొక్కెం తలుపు అంచుని గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. పాప భయపడి ఏడుపు మొదలెట్టింది. మా ఆవిడ ఏమీ అనలేదు, అనకపోతేనే నాకు టెన్షన్. నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూసి, "ఏరా, ఇది సైకిళ్ళని మోసేదా, సైకిళ్ళు పట్టుకుని వేలాడేదా?" అన్నారు.

మేముండేది ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్ దగ్గర. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఫియట్ డుకాటో క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే, వండుకునే రకం) కొన్నాం. పొడవు 5.99 మీటర్లు, వెనక రెండు రెక్కల తలుపు. ఆ తలుపుల వెనకే అడ్డంగా మంచం, కాబట్టి సైకిళ్ళు లోపల పెట్టే దారి లేదు. ఈసారి అవనిగడ్డ నుంచి నాన్న వచ్చారు కదా, హాలండ్ తీసుకెళ్దాం, సైకిళ్ళ దేశానికి సైకిళ్ళు లేకుండా ఎలా అని ర్యాక్ వెతికాను. (ఇక్కడ బైక్ అంటే సైకిలే. మొదటిసారి విన్నప్పుడు నాన్న మోటార్ సైకిళ్ళనుకుని కంగారుపడ్డారు.)

షాపులో కుర్రాడు చాలా ధీమాగా చెప్పాడు: "నాలుగు బైకులు ఈజీగా పడతాయి, తలుపుకి రంధ్రాలు కూడా అక్కర్లేదు." ర్యాక్ ధర 215 పౌండ్లు, బిగింపుకి 90. పట్టాలు నాలుగు ఉన్నమాట నిజమే. కానీ లోపలి గొట్టం మీద బొటనవేలంత స్టిక్కర్ ఒకటుంది, అందులో 35 కిలోలు అని రాసి ఉంది. దాన్ని నేను చూసింది ఫ్రాన్స్‌లో, ఆ రోడ్డు పక్కన, మోకాళ్ళ మీద కూర్చుని. మా ఇద్దరి ఎలక్ట్రిక్ సైకిళ్ళు ఒక్కోటి 24 కిలోలు, పాపది 11. మొత్తం 59.

అందుకే ఎవరైనా అడిగితే ఇప్పుడు ఒకటే చెప్తున్నాను. ఎన్ని సైకిళ్ళు పడతాయని అడగొద్దు, ఎన్ని కిలోలు మోస్తుందని అడగండి. రెండు రెక్కల తలుపుకి తగిలించే ర్యాకుల్లో నేను చూసినవాటిలో చాలావాటికి 35 కిలోలే హద్దు. ఆ బరువంతా చివరికి పడేది తలుపు మడతబందుల మీద. పైగా సైకిళ్ళు తలుపుకి అతుక్కుని ఉండవు, ఒక జానెడు బయటికి ఉంటాయి. గుంతలో పడ్డప్పుడల్లా ఆ బరువు తలుపుని బయటికి గుంజుతుంది. వోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్ లాగా పైకి లేచే ఒంటి తలుపు ఉన్నవాళ్ళకి హద్దు కాస్త ఎక్కువ ఉంటుంది గానీ, సైకిళ్ళతో తలుపు లేపితే దాన్ని ఎత్తి పట్టే గ్యాస్ రాడ్లు మొయ్యలేక నెత్తి మీదికి దిగుతుందని మా స్నేహితుడొకడు చెప్పాడు. వాడి నుదుటి మీద రుజువు కూడా ఉంది.

సరే, ఆ రోజు గట్టెక్కించింది నాన్నే. పంక్చర్ సంచీలో ఉన్న స్పేర్ ట్యూబు తీసి, వంటింటి కత్తెరతో నిలువునా చీల్చి, పొడుగు పట్టీలు చేశారు. ఒక కొస పై గొట్టానికి ముడేసి, కాలు బంపర్‌కి తన్నిపెట్టి, సాగినంత సాగదీసి రెండో కొసని కింద దొంగముడి వేశారు. చిన్నప్పుడు మా ఊళ్ళో సైకిల్ క్యారేజీ మీద బియ్యం మూటలు కట్టింది ఈ ట్యూబు పట్టీలతోనే. నా సైకిల్ విప్పి లోపల మంచం మీద పడుకోబెట్టాం. గంటకి 80 దాటకుండా బెల్జియంలోని బ్రూజ్ చేరాం. ర్యాక్ మళ్ళీ ఒక్క వేలు జారలేదు. అయితే ఆ రబ్బరు కింద ఇసుక చేరి తలుపు రంగుని రెండు చోట్ల గీకేసింది. ఆ సంగతి నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

అంతకుముందు ఓడెక్కేటప్పుడు ఇంగ్లండ్ రేవు డోవర్‌లో పడ్డ దెబ్బలు కూడా చెప్పాలి. నంబర్ ప్లేటు సైకిళ్ళ వెనక దాక్కుందని క్యూలో పక్క వ్యానాయన చూపించాడు. ఇంగ్లండ్‌లో ప్లేటు సరిగ్గా కనపడకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. లైట్లూ ప్లేటూ ఉన్న అదనపు బోర్డు నా దగ్గరుంది, 38 పౌండ్లు పెట్టి కొన్నాను, మంచం కింద భద్రంగా పెట్టాను. తీసి తగిలించేసరికి పావుగంట. ఆ తర్వాత కౌంటర్‌లో అమ్మాయి వ్యాన్ పొడవు అడిగింది. ఆరు మీటర్లని బుక్ చేశాను, ర్యాక్‌తో కలిపి ఆరున్నర అయింది. 24 పౌండ్లు అదనం. తప్పు మాదే. ఓడ టికెట్‌లో పొడవు రాసేటప్పుడు వెనక వేలాడేదంతా కొలిచి రాయండి. ఇటలీ, స్పెయిన్ వెళ్ళేవాళ్ళైతే ఎర్ర చారలు, తెల్ల చారలు ఉన్న 50 సెంటీమీటర్ల చదరపు బోర్డు కూడా వెనక కట్టాలి.

బ్రూజ్ బావుంది, వాఫుల్స్ తిన్నాం, అంతే.

అక్కడి నుంచి వెస్టర్‌షెల్డే అనే సముద్రపాయ కింది సొరంగం గుండా హాలండ్ నైరుతి కొస జీలండ్‌లోకి దిగాం. 2003లో తెరిచిన సొరంగం, పొడవు 6.6 కిలోమీటర్లు. అది వచ్చాక బ్రెస్కెన్స్ నుంచి ఫ్లిసింగెన్ వెళ్ళే ఓడలో కార్లు ఎక్కించుకోవడం మానేశారు, నడిచేవాళ్ళూ సైకిళ్ళవాళ్ళే ఎక్కుతారు. ముందే తెలిసుంటే వ్యాన్ ఇవతలే వదిలి సైకిళ్ళతో పోయేవాళ్ళం.

మొదటి రాత్రి సముద్రం ఒడ్డున పెద్ద క్యాంప్‌సైట్‌లో బుక్ చేశాం, రాత్రికి 58 యూరోలు. మెల్లగా రావడం వల్ల చేరేసరికి పది దాటింది. గేటు మూసేశారు. ఫోన్ చేస్తే కాపలాదారు వచ్చి, రూల్స్ కాగితం గేటు సందులోంచి ఇచ్చి, బయట పార్కింగ్‌లో పడుకోమన్నాడు. అర్ధరాత్రి వాన. మంచం తలవైపు పరుపు చల్లగా తగిలి మా ఆవిడ లేచింది. తలుపు రబ్బరు సందులోంచి నీళ్ళు. ర్యాక్ బరువుకి రెక్క వంగి సందిచ్చింది. "58 యూరోలకి స్నానం కూడా ఇచ్చారు," అంది. నవ్వుతోందో లేదో చీకట్లో తెలియలేదు. పొద్దున డబ్బు వెనక్కి అడిగితే ఇవ్వలేదు.

ఆ తర్వాత దొరికింది అసలైన చోటు. జీలండ్‌లో రైతులు తమ పొలంలోనే పది ఇరవై వ్యాన్లకి చోటిచ్చే చిన్న క్యాంప్‌సైట్లు చాలా ఉన్నాయి. ఫ్రౌవెన్‌పోల్డర్ దగ్గర ఒకదాంట్లో మూడు రాత్రులున్నాం, రాత్రికి 24 యూరోలు, కరెంటుతో సహా. పక్కన ఉల్లి చేను. ఇంటావిడ పాపకి మేకపిల్లని చూపించింది. జీలండ్ వెళ్తే ఇలాంటి చోటే చూసుకోండి, పెద్దవాటి జోలికి పోవద్దు.

ఆ ఇంటావిడే ఒక పాత మెకానిక్ దగ్గరికి పంపింది. ఆయన ర్యాక్ వంక చూడను కూడా చూడలేదు. జేబులోంచి బిల్లు కాగితం తీసి తలుపు సందున పెట్టి మూసి లాగాడు. కింద గట్టిగా పట్టింది. మధ్యలో కొంచెం పట్టింది. పైన వెన్నలోంచి లాగినట్టు జారి వచ్చేసింది. ఏమీ మాట్లాడకుండా కాగితం నా చేతికిచ్చి నన్ను కూడా లాగమన్నాడు. తలుపు గడియ సర్ది 40 యూరోలు తీసుకున్నాడు. ఎలక్ట్రిక్ సైకిళ్ళకి ఏ తలుపు ర్యాక్ మంచిదని అడిగితే, "ఏదీ కాదు, టోబార్ పెట్టించుకో," అన్నాడు. (టోబార్ అంటే వ్యాన్ చట్రానికి వెనక బిగించే ఇనప కడ్డీ, బరువు తలుపు మీద పడదు.) అమ్ముకోడానికి వెనక గోడకి మూడు తలుపు ర్యాకులు వేలాడుతున్నాయి. అమ్మే వస్తువు వద్దని చెప్పిన మనిషిని నేను నమ్ముతాను.

నాన్నకి రోజుకి 10 యూరోలకి సైకిల్ అద్దెకి తీసుకున్నాం. చేతి బ్రేకు లేదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. రెండుసార్లు ఉలిక్కిపడి మూడోసారికి పట్టేశారు. సముద్రపు పోటుని ఆపే ఊస్టర్‌షెల్డే అడ్డుకట్ట దాకా పది కిలోమీటర్ల పైనే, అంతా ఎదురుగాలి. మేం బ్యాటరీతో పోతుంటే ఆయన తొక్కుకుంటూ వచ్చారు. 1953 ఫిబ్రవరి వరదలో ఈ దేశంలో 1,836 మంది పోయారు. ఆ తర్వాత మొదలైన పనుల్లో ఇది పెద్దది, 1986లో తెరిచారు. తొమ్మిది కిలోమీటర్లు, 62 ఉక్కు తలుపులు. మామూలు రోజుల్లో తెరిచే ఉంచుతారు, తుఫానొస్తే దించుతారు. నాన్న సైకిల్ దిగి తలుపులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి 21 ఏళ్ళు. ఆ సంగతి ఎత్తుతారేమో అనుకున్నాను, ఎత్తలేదు. "వీటికి గ్రీజు ఎవరు పెడతారురా?" అని మాత్రం అడిగారు. కింద కొట్లో కిబ్బెలింగ్ తిన్నాం, చేపముక్కల బజ్జీలనుకోండి, పొట్లం 9 యూరోలు. రెండో పొట్లం ఆయనే కొనిపించారు.

ఇంటికొచ్చాక టోబార్ ధర కనుక్కున్నాను. వైరింగ్‌తో సహా బిగింపు 650 పౌండ్లు. వెనక తలుపులు తెరుచుకోవాలంటే పక్కకి తిరిగే రకం ర్యాక్ కావాలి, అది ఇంకో 500 పైమాట. మా ఆవిడ కాగితం చూసి మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది.

అందుకని మళ్ళీ తలుపు ర్యాకే కొన్నాను, ఈసారి లెక్క చూసుకుని. ఈ సరుకులో అందరూ చెప్పేవి ఇటలీ ఫియామా, స్వీడన్ తూలే. ఎవరిదైనా, మీ వ్యాన్ మోడల్‌కే చేసినది తీసుకోండి, అన్నిటికీ సరిపోతుందనేది వద్దు. పట్టీలు పళ్ళున్న రకం ఉండాలి, నాకు జారిపోయినవి ప్లాస్టిక్ మరలు. కొక్కెం తగిలే చోట రంగు మీద పారదర్శక ఫిల్మ్ అంటించండి, 12 పౌండ్లు. మొదటి యాభై కిలోమీటర్లకి ఆగి మరలు మళ్ళీ బిగించండి. వర్షమొచ్చేలోపు కాగితం పెట్టి చూసుకోండి.

బ్యాటరీ తీస్తే ఎలక్ట్రిక్ సైకిల్ 20.5 కిలోలకి దిగుతుంది. రెండు పెడితే 41, అప్పటికీ కుదరదు. కాబట్టి ఆవిడది ఒకటి, నాది మామూలు సైకిల్ 13 కిలోలు, మొత్తం 33.5. పాప సైకిల్ లోపల. ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిడ ముందు పోతుంది, నేను రొప్పుకుంటూ వెనక.

పాత ర్యాక్ 60 పౌండ్లకి అమ్మకానికి పెట్టాను, 35 కిలోలే మోస్తుందని మొదటి లైన్‌లోనే రాసి. మొన్న ఒకాయన మెసేజ్ పెట్టాడు: "నాలుగు బైకులు పడతాయా?" మీ బైకుల బరువెంత అని అడిగాను. జవాబు లేదు.