తొమ్మిది దేవతల దళమా, సూర్యయోధుల దళమా?

2006లో ‘ఆబ్లివియన్’ గేమ్‌కు అనుబంధంగా వచ్చిన ‘నైట్స్ ఆఫ్ ది నైన్’లో తొమ్మిది దేవతల యోధుల దళంలో చేరే దారి తీర్థయాత్రతో మొదలవుతుంది. ఆన్విల్ పట్టణంలోని ప్రవక్త మాట విని, ఊళ్ల బయట ఎక్కడెక్కడో ఉన్న తొమ్మిది మందిరాలను దర్శించాలి. నవగ్రహాల చుట్టూ ప్రదక్షిణలాంటిదే, కాకపోతే మధ్యలో తోడేళ్లూ దొంగలూ ఎదురవుతారు. అసలు కట్టుబాటు తర్వాత తెలుస్తుంది. హత్యలు, దొంగల ముఠా పనులు చేసి అపకీర్తి పాయింట్లు 2కు చేరితే పవిత్ర కవచం తొడుక్కోవడం కుదరదు. వినడానికి కఠినమే. కానీ మళ్లీ యాత్ర చేస్తే అపకీర్తి సున్నాకు వస్తుంది. ఎన్నిసార్లైనా సరే! హంతకుడికి ఇంతకన్నా సులువైన ప్రాయశ్చిత్తం దొరకదు.

2011 నాటి ‘డార్క్ సోల్స్’ గేమ్‌లోని సూర్యయోధుల దళం మాత్రం చేరేవారి నడవడిక గురించి అడగదు. పాత్ర గుణాల్లో ఒకటైన ‘విశ్వాసం’ విలువ తగినంత ఉండాలి, అంతే. అంత లేనివారికి ఒక వెసులుబాటు ఉంది: వేరే ఆటగాళ్ల లోకంలోకి వెళ్లి పెద్ద శత్రువును ఓడించడంలో తోడ్పడిన ప్రతిసారీ ఆ పరిమితి 5 తగ్గుతుంది. చేరాక సూర్య పతకాలు సమర్పించాలి. 10 ఇస్తే ఒక మెట్టు, 30కి మరొకటి.

ఒంటరిగా ఆడేవారికి మొదటిదే మేలు. నా ఓటు మాత్రం రెండోదానికి. ముక్కూమొహం తెలియనివాడికి సాయపడటాన్నే అర్హతగా లెక్కించే నిబంధన గేముల్లో అరుదు.