హోరేస్ జ్ఞానం కావాలంటే ఓడ్స్ మేలా, లేఖలు మేలా?

టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద కనిపించే 'కార్పే దియెమ్' ('ఈ రోజును కోసుకో') రోమన్ కవి హోరేస్ లాటిన్‌లో రాయగా క్రీ.పూ. 23లో వెలువడిన ఓ కవితలోది. ఆ కవిత మొత్తం 8 పాదాలే. దాన్ని చూసి ముచ్చటపడినవాళ్లు నేరుగా ఆయన ఓడ్స్ (భావగీతాల్లాంటి చిన్న కవితలు) తెరుస్తారు, పది కవితలు దాటకముందే మూసేస్తారు. మొదలుపెట్టిన చోటు తప్పు. బతుక్కి పనికొచ్చే మాట కోసమే అయితే ముందు చదవాల్సింది ఆయన పద్యాల్లో రాసిన లేఖల మొదటి సంపుటం. ఓడ్స్‌ను తక్కువ చేయడం కాదిది. లాటిన్ రానివాడి చేతికి అనువాదంలో ఏది దక్కుతుంది, ఏది దక్కదు అన్నదే ఇక్కడ లెక్క.

ఓడ్స్ మొదటి మూడు సంపుటాల్లో 88 కవితలు, చాలా ఏళ్ల తర్వాత వచ్చిన నాలుగో దాంట్లో 15. గ్రీకు ఛందస్సులను లాటిన్‌లో ఒదిగించి చెక్కిన పని ఇది. లాటిన్‌లో విభక్తులు మాట చివర ఉంటాయి కాబట్టి పదాల్ని ఎటైనా జరపొచ్చు. సంస్కృత శ్లోకానికి అన్వయం చెప్పుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. మొదటి సంపుటం అయిదో ఓడ్ తొలి పాదంలో 'నిన్ను' అనే మాటకు అటూ ఇటూ 'సన్నని', 'కుర్రాడు' ఉంటాయి. ఆ రెంటికీ బయట 'ఎన్నో', 'గులాబీలలో' ఉంటాయి. అమ్మాయిని కుర్రాడు చుట్టుకున్నాడు, ఇద్దర్నీ పూలు చుట్టుకున్నాయి, అదంతా మాటల వరసలోనే. అనువదిస్తే మిగిలేది 'గులాబీల మధ్య నిన్ను హత్తుకున్న ఆ సన్నని కుర్రాడెవరు' అన్న వాక్యమే. ఇందులో ఏముంది అని పాఠకుడు అడిగితే తప్పు పట్టలేం.

రెండో చిక్కు మనకు బాగా అలవాటైనది. శతక పద్యం దేనికదే. ఏ పేజీ తీసినా ఒక నీతి, కింద మకుటం. హోరేస్‌నూ అలాగే చదివి ఒక్క పాదం పీకితే అర్థం తిరగబడుతుంది. 'కార్పే దియెమ్' కవితనే చూడండి. లూకొనొయే అనే స్త్రీ తన ఆయుష్షు ఎంతో తెలుసుకోవాలని బాబిలోన్ జ్యోతిషపు లెక్కలు వేయిస్తోంది. బయట చలికాలపు సముద్రం బండలను కొట్టి కొట్టి తానే అలసిపోతోంది. కవి చెప్పేది మూడు పనులు: వైన్ వడకట్టు, పొడుగాటి ఆశను కొద్దిపాటి కాలానికి సరిపడా కత్తిరించు, ఈ రోజును కోసుకో. మూడూ ద్రాక్షతోటకు దగ్గరి మాటలే. 'కార్పే' అంటే పండిన కాయను తెంపడం. దొరికిందల్లా దోచుకుని జల్సా చేయమని ఎక్కడా లేదు. పైగా ఆ వెంటనే 'రేపటిని వీలైనంత తక్కువ నమ్ము' అని ఉంది, కప్పు మీద ఆ సగం ఉండదు.

'బంగారు మధ్యమార్గం' గతీ అంతే. అది రెండో సంపుటం పదో ఓడ్, 24 పాదాలు. బొటాబొటి బతుకుతో సరిపెట్టుకోమనే సలహాగా దాన్ని చదువుతారు. కానీ అందులో ఉన్నది నావ నడిపే విద్య. ఎప్పుడూ నడిసముద్రానికే పోవద్దు, తుఫానుకు జడిసి రాళ్లున్న ఒడ్డును మరీ రాసుకుంటూనూ పోవద్దు. ఆఖరి మాట ఇంకా పదునైనది: గాలి మరీ అనుకూలంగా వీస్తుంటే అప్పుడే తెరచాప కాస్త దించు. ఆ మాట అందుకున్న లిసినియస్, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ మీద కుట్ర చేశాడన్న నేరానికి ప్రాణం పోగొట్టుకున్న మురేనాయే అని చాలామంది పండితుల అభిప్రాయం. అది తెలిసి చదివితే కవిత బరువే మారిపోతుంది. అంటే ఒక్కో ఓడ్‌కి ఇంత వెనకకథ కావాలి.

లేఖలకు అంత అక్కర్లేదు. క్రీ.పూ. 20 ప్రాంతంలో వచ్చిన మొదటి సంపుటంలో 20 లేఖలు, మొత్తం వెయ్యి పాదాలకు కాస్త అటూ ఇటూ. ఛందస్సు గ్రీకు మహాకవి హోమర్ వాడినదే అయినా నడక మాత్రం మాట్లాడుతున్నట్టే. ఎవరికి రాస్తున్నాడో, ఎందుకు రాస్తున్నాడో లేఖలోనే తెలుస్తుంది. వాదన మెట్టు మెట్టుగా సాగుతుంది కనుక మామూలు వచనానువాదంలో కూడా ముప్పాతిక వంతు నిలుస్తుంది.

రెండో లేఖ (71 పాదాలు) లోలియస్ అనే కుర్రాడికి. రాజులకు పిచ్చెక్కితే దెబ్బలు తినేది సైనికులని హోమర్ యుద్ధకావ్యం ఇలియడ్ సారం ఒక్క పాదంలో తేల్చేస్తాడు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1784లో తన వ్యాసానికి ఎత్తుకున్న 'తెలుసుకోవడానికి తెగించు' ఇక్కడిదే. దాని పక్కనే ఉన్న పోలిక అంతకంటే మంచిది: బాగుపడటాన్ని వాయిదా వేసేవాడు, నది ప్రవహించి అయిపోయాక దాటుదామని ఒడ్డున కూర్చున్న పల్లెటూరివాడు. కొత్త కుండకు మొదట పట్టిన వాసన చాలాకాలం వదలదన్న మాటా ఇందులోదే.

పదకొండో లేఖ 30 పాదాలే. కియోస్, లెస్బోస్, సామోస్ తిరిగొచ్చిన బుల్లాటియస్‌కు రాసింది. సముద్రం దాటినవాళ్లు మార్చుకునేది తల మీది ఆకాశాన్నే, మనసును కాదు. నువ్వు వెతికేది ఉలూబ్రేలో కూడా ఉందంటాడు. ఉలూబ్రే బురదనేలల పక్కనున్న ఓ చిన్న ఊరు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు.

లేఖల్లో లోపం లేకపోలేదు. ఆయన అక్కడక్కడా మాస్టారవుతాడు. పుస్తకమంతా ఒక్క బిగిన చదివితే విసుగొస్తుంది. రోజుకు ఒకటి చాలు.

ఇక సెటైర్లు (వ్యంగ్య కవితలు), మొదటి సంపుటంలో 10, రెండో దాంట్లో 8. వీటిని మూడో స్థానంలో పెట్టాలి. అప్పటి రోమ్ మనుషుల పేర్లు గుట్టలుగా ఉంటాయి, అడుగున వివరణలు లేని ప్రతి అయితే కొనొద్దు. రెండు మాత్రం వదలకూడదు. మొదటి సంపుటం ఆరోదాంట్లో బానిసత్వం నుంచి విడుదలై, వేలంపాటల్లో డబ్బు వసూలు చేసి బతికిన తండ్రిని దాచుకోకుండా చెబుతాడు. రెండో సంపుటం ఆరోది పట్నం ఎలుక, పల్లె ఎలుక కథ.

చదివే వరస ఇదీ: మొదటి వారం లేఖలు 2, 4, 10, 11, మధ్యలో ఒక్కో రోజు విరామం ఇచ్చి. రెండో వారం ఆ రెండు సెటైర్లు. ఆ తర్వాతే ఓడ్స్, అదీ మొదటి సంపుటం 11, రెండో సంపుటం 3, 10, 14, మూడో సంపుటం 30. ఓడ్స్‌కు ఒక్క అనువాదం సరిపోదు. ఒక పక్క లాటిన్, ఎదుటి పేజీలో ఇంగ్లీషు వచనం ఉండే లోబ్ ప్రతి ఒకటి, పద్యానువాదం ఒకటి పక్కపక్కన పెట్టుకోవాలి. రెండూ ఎక్కడ వేరుపడితే అక్కడ లాటిన్ మాట వెతకండి, రుచంతా అక్కడే ఉంటుంది.

మూడో సంపుటం రెండో ఓడ్ మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి. 'దేశం కోసం చావడం తీపి' అన్న పాదం అందులోదే, మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ పాత అబద్ధమని తిట్టింది దాన్నే. అది రాసిన మనిషే క్రీ.పూ. 42లో ఫిలిపీ యుద్ధంలో డాలు పారేసి పారిపోయానని రెండో సంపుటం ఏడో ఓడ్‌లో ఒప్పుకున్నాడు. రెండూ ఒకే రోజు చదవండి.