కర్రలా, గ్రిడ్డా, వలయాలా: గుర్రానికి ఏది మేలు?

భీమవరం వైపు నుంచి అడిగినా, అమలాపురం వైపు నుంచి అడిగినా ప్రశ్న ఒకటే. దూకాల్సిన అడ్డు కనపడగానే గుర్రం ఉరుకుతోంది, మలుపులో లోపలికి ఒరిగిపోతోంది. నేల మీద కర్రలు పరిచి ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేయించాలా, వరుసగా జంపులు పెట్టి గ్రిడ్ చేయించాలా, లేక జంపులు మానేసి కొన్నాళ్లు వలయాలు తిప్పాలా?

మూడూ మంచివే అని తప్పించుకోవచ్చు. కానీ మన దగ్గర ముందు నేల సంగతి తేలాలి. యూరప్ వాళ్లు ఈ వ్యాయామాలు ఎక్కువగా ఇసుక పరిచి చదును చేసిన అరీనాలో చేయిస్తారు. మనది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, చాలాచోట్ల బంకమట్టి. వానాకాలంలో గిట్ట దిగబడి, పైకి లాగేటప్పుడు లాడం ఊడి వస్తుంది. దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేశాక అదే మట్టి నెర్రెలిచ్చి బిగుసుకుపోతుంది. లంకల్లో కావలసినంత ఇసుక ఉంది కదండీ అంటారు. నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుకైతే ఫర్వాలేదు. పొడి ఇసుకలో గిట్ట మునిగిపోతుంటే టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు, సాగిపోతాయి.

గుర్రం ముందుకాలికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దాని వెనక టెండన్లు, అంతే. అక్కడ రక్తప్రసరణ తక్కువ కాబట్టి టెండన్ గట్టిగా దెబ్బతింటే మానడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. జంప్ చేసి దిగేటప్పుడు బరువంతా ముందు ఒక్క కాలి మీద పడుతుంది, ఆ తర్వాతే రెండోది అందుకుంటుంది. అందుకే ఏ వ్యాయామమైనా నేను చూసేది ఇదే: గుర్రం ఎన్నిసార్లు దిగింది, ఆ దిగినందుకు ఎంత నేర్చుకుంది.

ఆ లెక్కలో గ్రిడ్ ఖరీదైనది. మూడు అడ్డుల వరుసను పదిసార్లు చేయిస్తే ముప్పైసార్లు దిగినట్టు. అది నేర్పే విద్య గొప్పదే, కాదనను. దూరాలు కుదిరితే ఎక్కడ ఎగరాలో గుర్రమే తేల్చుకుంటుంది, రౌతు పగ్గాలు లాగి చెడగొట్టే అవకాశం తగ్గుతుంది. ట్రాట్‌లో వచ్చే గుర్రానికి మొదటి అడ్డుకు 2.7 మీటర్ల ముందు ఒక కర్ర, ఆ అడ్డు నుంచి రెండోదానికి ఒక్క అంగ పట్టేలా 5.5 మీటర్లు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ కొలతలు పదహారు చేతుల (ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు) ఎత్తు గుర్రాలకు. మన దగ్గర ఎక్కువగా కనిపించే మార్వారీ, కాఠియావాడీ గుర్రాలు పద్నాలుగు, పదిహేను చేతుల మధ్య ఉంటాయి. వాటికి దగ్గరికి జరపకపోతే అందుకోవడానికి సాగి సాగి, ఉరుకుడు ఇంకా ఎక్కువవుతుంది. పైగా ప్రతిసారీ కర్రలు సర్దడానికి కింద ఒక మనిషి ఉండాలి. ఒంటరిగా సవారీ చేసేవాళ్లకు ఇది పనికిరాదు.

ఇక నేల మీద కర్రలు. నా మొగ్గు ఇటే. దిగుడు అనేదే లేదు, కానీ ప్రతి అడుగుకీ గుర్రం కాలు ఎత్తాలి, వీపు పైకి తేవాలి, ముందేముందో చూసుకోవాలి. జంపులు లేకుండా చేసే సాధనకీ (ఫ్లాట్‌వర్క్) జంపింగ్‌కీ రెండింటికీ కావలసిన లయ ఇక్కడే కుదురుతుంది. అడ్డు చూసి ఉరికే గుర్రానికి మెడ లాగి బుద్ధి చెప్పాల్సిన పని లేదు, తొందరపడితే కర్ర తగులుతుంది, తర్వాతిసారి తనే చూసుకుంటుంది.

సామాను కూడా మన దగ్గర దొరికేదే. తీరం వెంబడి సరుగుడు తోటలకు కొదవ లేదు. మూడు మీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల లావు ఉన్నవి చూసుకుని బెరడు తీయించి, ముడులు చెక్కిస్తే చాలు. వెదురు వద్దు. గుర్రం తొక్కితే చీలుతుంది, ఆ చీలిక కాలు కోస్తుంది. కొబ్బరి దూలం బరువు ఎక్కువ, కాలు తగిలినా కదలదు, గుర్రమే తూలుతుంది. సరుగుడుకీ ఒక చిక్కుంది, గుండ్రంగా ఉంటుంది కాబట్టి దొర్లుతుంది. గిట్ట దాని మీద పడి కర్ర దొర్లిందంటే కాలు మడతపడినట్టే. అందుకని రెండు చివర్లా అటొకటి ఇటొకటి ఇసుక నింపిన చిన్న మూటలు ఆనించాలి. ఈ పని మాత్రం బద్ధకించకండి.

మొదట ఒక్క కర్ర, అదీ నడకలో. తర్వాత ఏకంగా మూడు. రెండు పెడితే చాలా గుర్రాలు కలిపి ఒకే దూకు దూకేస్తాయి. ట్రాట్‌కి కర్రకీ కర్రకీ మధ్య పెద్ద గుర్రానికైతే 1.3 మీటర్లు, మన పొట్టి గుర్రాలకు 1.2 దగ్గర మొదలుపెట్టాలి. టేపు లేకపోతే మూడు మూరలకు కాస్త తక్కువ. సరిగ్గా కుదిరిందో లేదో చూడటం కన్నా వినడం తేలిక. మా గుర్రాన్ని చూసుకునే అబ్బాయి పక్కన నిలబడి కళ్లు మూసుకుంటాడు. "ఆయ్, అడుగులన్నీ ఒకే లెక్కన పడుతున్నాయండి" అన్నాడంటే దూరం సరిపోయినట్టు. గిట్ట కర్రకు తగిలి టక్కుమన్నదంటే తను చెప్పేలోపే దగ్గరికి జరపాలో దూరం జరపాలో నాకు తెలిసిపోతుంది.

మూడు కర్రలు నింపాదిగా దాటుతున్న గుర్రానికి వాటినే విసనకర్ర ఆకారంలో పరచండి. లోపలి చివర్లు దగ్గరగా, బయటి చివర్లు దూరంగా, నడిమిన అదే 1.2 లేదా 1.3. మలుపులో ఒరిగిపోయే జబ్బుకు ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు. ఇరవై నిమిషాలు మించొద్దు. ఎండాకాలం మన ఉక్కపోతలో తెల్లవారుజామునే ముగించాలి.

వలయాలను తీసిపారేయలేం. ఇరవై మీటర్ల వలయం, పాము వంకరలు, భుజాన్ని లోపలికి తెచ్చి నడిపించే షోల్డర్-ఇన్, వీటికి రూపాయి ఖర్చు లేదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లకు టీమ్ బంగారు పతకం వచ్చింది డ్రెస్సాజ్‌లోనే, జంప్ అన్నదే లేని పోటీలో. చిక్కల్లా రౌతుతోనే. కర్ర తప్పును గుర్రానికి అక్కడికక్కడే చెబుతుంది. వలయంలో ఆ తప్పును రౌతే పట్టుకోవాలి, అది చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం. పక్కన చెప్పేవాళ్లు లేకుండా ఒక్కరే తిప్పుతుంటే వలయం మెల్లగా కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది, మనకేమో గుండ్రంగానే తిప్పుతున్నాం అనిపిస్తుంది. నేర్పేవాళ్లు దగ్గరుంటే మాత్రం వలయాలకే ఓటు వేసినా నేను వాదించను.

పొడుగు తాడు కట్టి చుట్టూ తిప్పడం ఒళ్లు వేడెక్కడానికి, పొగరు దించడానికి పనికొస్తుంది. చిన్న వలయంలో ఎక్కువసేపు తిప్పితే కీళ్లకు చేటు. కాలువ గట్ల మీద షికారు మనసుకి మంచిది, గుర్రానికీ మనకీ కూడా. దానితో జంపింగ్ మెరుగుపడదు.

గ్రిడ్ ఎప్పుడు మొదలుపెట్టాలి అంటారా? విసనకర్ర కర్రలను రెండు వైపుల నుంచీ, పగ్గాలు వదులుగా ఉన్నా, వేగం మారకుండా దాటుతున్నప్పుడు. అప్పుడు కూడా వారానికి ఒక్కరోజు, మోకాలెత్తు మించని రెండు అడ్డులతో, నాలుగైదు సార్లు చాలు. ముందు రోజు వాన పడి గిట్ట గుర్తుల్లో నీళ్లు నిలిచి ఉంటే ఆ వారం గ్రిడ్ ఊసెత్తకుండా కర్రల మీద నడకతో సరిపెట్టండి.