ప్రాబబిలిటీ-స్టాటిస్టిక్స్ పేపర్: అంతా బాగుంది, ఆ ఎన్ మైనస్ ఒకటి తప్ప

ఈ పేపర్‌లో ఏ యూనిట్ తర్వాత ఏ యూనిట్ వస్తుందో ఇక్కడ రాయను. సిలబస్ అందరి ఫోన్లలోనూ ఉంది. విజయనగరంలో ఇంజినీరింగు పిల్లలకీ డిగ్రీ పిల్లలకీ ఏళ్ల తరబడి ఇదే చెప్పి, వాళ్ల జవాబులు దిద్దాక నాకు మిగిలిన కడుపుమంట ఒక్కటే. పాఠం ఒక పద్ధతిలో ఉంటుంది, వెనక పట్టిక ఇంకో పద్ధతిలో ఉంటుంది, చేతిలో కాలిక్యులేటర్ మూడో పద్ధతిలో జవాబిస్తుంది. మూడింటికీ జత కుదర్చడం ఎవరి పనో ఏ యూనిట్‌లోనూ రాసి లేదు.

ముందు మంచి సంగతులు. లెక్కలంటే జడిసేవాళ్లు కూడా గట్టెక్కే పేపర్ ఇది. బైనామియల్, పాయిసాన్ లెక్కల్లో ఏది ఎన్ (ఎన్నిసార్లు చేశాం), ఏది పి (ఒక్కసారికి జరిగే అవకాశం) అని గుర్తుపడితే సగం పని అయిపోయినట్టే. టెస్టింగ్ లెక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నల్ హైపాథసిస్ (తేడా ఏమీ లేదనే ఊహ) రాయి, లెవెల్ (ఎంత పొరపాటుని ఓర్చుకుంటామన్న హద్దు) రాయి, విలువ కట్టు, పట్టిక చూడు, తీర్పు చెప్పు. పైగా ఫలితం చూశాక దాని వెనక కారణం ఏదో అవకాశం లెక్కగట్టే బేయస్ సూత్రం తొలి వారాల్లోనే వచ్చేస్తుంది. ఈ పేపర్‌లో జీవితాంతం పనికొచ్చేది ఒక్కటి చెప్పమంటే దాన్నే చెబుతాను.

ఆ సూత్రాన్ని పుస్తకాల్లో ఉండే ఎ, బి, సి అనే మూడు మెషీన్లు చేసిన పాడు బోల్టులతో కాకుండా, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మన ఉద్దానంతో చెబితే బాగా పడుతుంది. కిడ్నీ పరీక్షల శిబిరానికి 1000 మంది వచ్చారనుకోండి. వాళ్లలో 100 మందికి జబ్బుంది. పరీక్ష ఆ 100లో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని 900 మందిలో కూడా 90 మందికి ఉందని చూపిస్తుంది. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, ఉద్దానం అంకెలు కావు. ఇప్పుడు ఉందని తేలిన 180 మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు 90 మందే. నూటికి తొంభై పట్టే పరీక్ష చెప్పిన మాట సగానికి సగం తప్పవుతుంది. భిన్నాల సూత్రం మర్చిపోయినవాళ్లకి కూడా ఈ 180 గుర్తుంటుంది.

ఇక అసలు గొడవ. టి-టెస్ట్, అంటే చిన్న శాంపిల్ సగటు అనుకున్న విలువకి వేరుగా ఉందా అని చూసే పరీక్ష.

పలాస జీడిపప్పుతోనే చూద్దాం. డబ్ల్యూ 320 గ్రేడంటే పౌనుకి 300 నుంచి 320 నిండు పప్పులు తూగాలి. పౌను 453.6 గ్రాములు కాబట్టి 320 లెక్కన ఒక పప్పు దాదాపు 1.42 గ్రాములు. పది పప్పులు తూచితే ఇలా వచ్చాయనుకుందాం: 1.42, 1.51, 1.38, 1.47, 1.55, 1.42, 1.40, 1.49, 1.46, 1.50. మొత్తం 14.60, సగటు 1.46. సగటు నుంచి తేడాలు తీసి వర్గాలు కట్టి కూడితే 0.0264. ఈ సరుకు సగటు 1.42కి వేరుగా ఉందా అన్నది ప్రశ్న. లెవెల్ 5 శాతం, టూ టెయిల్ (ఎక్కువా తక్కువా రెండు వైపులా చూడటం), డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9 (పదిలోంచి ఒకటి తీసేస్తే), పట్టిక విలువ 2.262. ఇంతవరకు గొడవేమీ లేదు.

టి విలువ అంటే సగటు తేడా 0.04ని, రూట్‌తో భాగించిన స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే వచ్చేది. ఆ డీవియేషన్ కోసం 0.0264ని దేనితో భాగించాలి అన్న దగ్గర దారి రెండుగా చీలుతుంది. 9తో భాగించి వర్గమూలం తీస్తే 0.0542. ఇలా తీసినప్పుడు కింద రూట్ 10 పెట్టాలి. 10తో భాగించి తీస్తే 0.0514. అప్పుడు కింద రూట్ 9 పెట్టాలి. రెండు దారుల్లో ఎటు వెళ్లినా టి విలువ 2.336 వస్తుంది. 2.262 కంటే పెద్దది, కాబట్టి నల్ హైపాథసిస్ తిరస్కరించాలి. రెండు సూత్రాలూ ఒకటే. మన పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి, ఒకే పుస్తకంలో సిద్ధాంతం దగ్గర ఒకటి, చేసి చూపిన లెక్కలో ఇంకొకటి ఉన్న సందర్భాలూ ఉన్నాయి.

తప్పెక్కడ జరుగుతుందంటే, పిల్లలు సూత్రాన్ని ఒక చోటి నుంచి, స్టాండర్డ్ డీవియేషన్‌ని ఇంకో చోటి నుంచి తెస్తారు. క్లాసు నోట్సులో కింద రూట్ ఎన్ మైనస్ 1 ఉంది (ఇక్కడ ఎన్ అంటే శాంపిల్ లెక్క), కాలిక్యులేటర్‌లో సిగ్మా ఎన్ మైనస్ 1 (ఎన్ మైనస్ 1తో భాగించి తీసిన డీవియేషన్) మీట ఉంది. రెండింటిలోనూ ఎన్ మైనస్ 1 కనపడగానే అవి జతే అనుకుంటారు. అవి జత కావు. ఒకే దిద్దుబాటు రెండు సార్లు పడిపోతుంది. 0.0542ని 3తో భాగిస్తే 0.01805, టి విలువ 2.216. ఇది 2.262 కంటే చిన్నది. తీర్పు తలకిందులైంది! సరుకు సగటు 1.42కి వేరుగా ఉందని చెప్పాల్సిన చోట, తేడా ఉందనడానికి ఆధారం లేదని రాసి కింద గీత గీసేస్తారు. రెండో తప్పు దీనికి ఎదురుగా పోతుంది. సిగ్మా ఎన్ తీసుకుని కింద రూట్ 10 పెడితే 2.462 వస్తుంది. ఈ లెక్కలో తీర్పు మారదు గానీ, విలువ అంచున ఉన్న లెక్కలో లేని తేడాని ఉందనిపిస్తుంది.

శాంపిల్ పది ఉంటే ఈ పొరపాటు బరువు 5 శాతం పైచిలుకు, యాభై ఉంటే ఒక శాతం. అందుకే పెద్ద శాంపిల్ యూనిట్‌లో ఎవరికీ పట్టదు, చిన్న శాంపిల్ యూనిట్‌లో కొంప ముంచుతుంది.

ఈ రెండు సూత్రాలు ఎందుకున్నాయో ఒక్క పావుగంట చెబితే సరిపోయేది. స్టూడెంట్ అనే మారుపేరుతో 1908లో ఈ పద్ధతిని ప్రచురించిన గాసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. ఆయన స్టాండర్డ్ డీవియేషన్‌ని ఎన్‌తోనే భాగించాడు. పట్టిక కూడా టి విలువకి కాదు, సగటు తేడాని ఆ డీవియేషన్‌తో భాగిస్తే వచ్చే విలువకి కట్టాడు. దాన్ని రూట్ ఎన్ మైనస్ 1తో గుణిస్తే మన టి వస్తుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ పేరుతో ఈ రూపానికి తెచ్చింది గణాంక శాస్త్రవేత్త ఫిషర్. అంటే కింద రూట్ ఎన్ మైనస్ 1 ఉన్న సూత్రం గాసెట్ వాసన పోని పాత రూపం, రూట్ ఎన్ ఉన్నది తర్వాత స్థిరపడిన రూపం. ఈ ముక్క తెలిస్తే రెండూ కలిపే పని ఎవరూ చేయరు. ఎస్టిమేషన్ (శాంపిల్ నుంచి అసలు విలువని అంచనా కట్టడం) యూనిట్‌లో అన్‌బయాస్డ్ (సగటున అసలు విలువకే చేరేది) అనే మాట రెండు మార్కుల ప్రశ్నగా వచ్చి పోతుంది. ఎన్ మైనస్ 1తో భాగించేది ఆ మాట కోసమేనని టి-టెస్ట్ దగ్గర గుర్తుచేసేవాళ్లు తక్కువ. (సరిగ్గా అన్‌బయాస్డ్ అయ్యేది వేరియన్సు, అంటే డీవియేషన్ వర్గం. దాని వర్గమూలం తీశాక ఆ గుణం నిలవదు. అది వేరే గొడవ.) ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు 1945లో పేరు తెచ్చుకున్నది సరిగ్గా ఈ ఎస్టిమేషన్ మీదే. మన పక్క జిల్లాలో చదువుకున్నాయన విషయమే మన పిల్లలకి బిట్ ప్రశ్నగా మిగిలింది.

పట్టికల మీద కూడా ఇదే ఫిర్యాదు. గంట ఆకారపు నార్మల్ గీత కింద వైశాల్యాలు ఇచ్చే జెడ్ టేబుల్ రెండు రకాలు. ఒకటి 0 నుంచి జెడ్ వరకు ఉన్న వైశాల్యం ఇస్తుంది, రెండోది ఎడమ చివర నుంచి జెడ్ వరకు మొత్తం ఇస్తుంది. 1.20 దగ్గర మొదటిదాంట్లో 0.3849, రెండోదాంట్లో 0.8849. జెడ్ 1.2 కంటే ఎక్కువయ్యే ప్రాబబిలిటీ అడిగితే 0.5 లోంచి 0.3849 తీసెయ్యాలి, లేదా 1 లోంచి 0.8849 తీసెయ్యాలి. రెండు దారుల్లోనూ 0.1151. మొత్తం పట్టికలో చూసి 0.5 లోంచి తీసేస్తే మైనస్ వస్తుంది, తప్పని వెంటనే తెలిసిపోతుంది. సగం పట్టికలో చూసి 1 లోంచి తీసేస్తే 0.6151 వస్తుంది. ఇదే ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి పెద్దమనిషిలా ఉంటుంది. ప్లస్ జెడ్‌కి కుడిపక్క మిగిలేది ఎప్పుడూ సగం కంటే తక్కువే. గంట బొమ్మ ఒకటి గీసుకుంటే ఇది కంటికి కనిపిస్తుంది, కానీ టైం లేదని మొదట మానేసేది ఆ బొమ్మే.

ఏ రకం పట్టికో తేల్చుకోడానికి పేజీ అంతా చదవక్కర్లేదు. 0.00 గడి చూడండి. 0.0000 ఉంటే సగం పట్టిక, 0.5000 ఉంటే మొత్తం పట్టిక. టి టేబుల్‌కి అట్టడుగున ఇన్ఫినిటీ వరస ఉంటుంది. అందులో 1.960 ఏ నిలువు వరసలో ఉందో పట్టుకోండి. ఆ వరస తల మీద 0.05 ఉంటే పట్టిక టూ టెయిల్‌ది, 0.025 ఉంటే వన్ టెయిల్‌ది. డిగ్రీస్ 9 దగ్గర 2.262 కావాల్సిన చోట 1.833 తీసుకునేవాళ్లు తల చూసి మోసపోతారు, అడుగు చూడరు. కై-స్క్వేర్‌లో డిగ్రీ 1, లెవెల్ 5 శాతం దగ్గర 3.841 ఉండాలి. అది 1.96 వర్గమే.

నేను ఊహించని సంతోషం కాలిక్యులేటర్ దగ్గర దొరికింది. చాలామంది జేబులో ఉండే కాసియో ఎఫ్‌ఎక్స్-991ఎమ్‌ఎస్‌లో మోడ్ రెండుసార్లు నొక్కి 1 కొడితే ఎస్‌డి మోడ్ వస్తుంది. అక్కడ షిఫ్ట్, 3 నొక్కితే పి, క్యూ, ఆర్ అని కనిపిస్తాయి. పి అంటే ఎడమ చివర నుంచి, క్యూ అంటే 0 నుంచి, ఆర్ అంటే జెడ్ నుంచి కుడి చివర వరకు. 1.2 ఇస్తే పి 0.88493, క్యూ 0.38493, ఆర్ 0.11507. అంటే రెండు రకాల పట్టికలూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. చేతిలో ఉన్న పట్టిక క్యూ రకమా, పి రకమా అని అడగడం మొదలుపెట్టాక సగం గందరగోళం పోయింది. జవాబులో మాత్రం పట్టిక విలువే రాయండి, కాలిక్యులేటర్ సరిచూసుకోడానికి. డేటా ఎక్కించే ముందు షిఫ్ట్, మోడ్, 1, ఈక్వల్ కొట్టి పాత అంకెలు చెరిపెయ్యాలి. ఎక్కించాక షిఫ్ట్, 1, 3 కొట్టి ఎన్ చూసుకోవాలి. పది పప్పులకి 13 వస్తే ముందు లెక్క తాలూకు మూడు ఇంకా లోపలే ఉన్నట్టు. ఆ తర్వాత షిఫ్ట్, 2 నొక్కితే 2లో సిగ్మా ఎన్, 3లో సిగ్మా ఎన్ మైనస్ 1. మీ సూత్రం కింద రూట్ ఎన్ ఉంటే 3, రూట్ ఎన్ మైనస్ 1 ఉంటే 2. ఈ ఒక్క వాక్యం అట్ట వెనక రాసుకున్నా చాలు.

మార్కులొచ్చే పేపర్ అన్నాను కదా. వస్తాయి, నిజమే. కానీ ఎందుకొస్తాయి? హైపాథసిస్ రాసినందుకు, సూత్రం రాసినందుకు, పట్టిక విలువ రాసినందుకు స్టెప్ మార్కులు పడతాయి. 2.216 వచ్చినవాడికి పోయేది ఒకటో రెండో మార్కులు. దాంతో వాడికి తన తప్పు ఎప్పటికీ తెలియదు. బేయస్ సంగతీ అంతే. ఆ 180 బాగా గుర్తుంటుంది గానీ పరీక్షలో మళ్లీ ఎ, బి, సి మెషీన్లే వస్తాయి. టెస్టింగ్ అంతా ఒకే అచ్చు అని మెచ్చుకున్నాను. అచ్చు మరీ నున్నగా ఉంటే వన్ టెయిల్ ఎందుకో, టూ టెయిల్ ఎందుకో ఆలోచించకుండానే ఐదు లైన్లూ రాసేస్తారు. గ్రేడుకి తక్కువ తూగుతోందా అని అడగడం వేరు, వేరుగా ఉందా అని అడగడం వేరు. కొనేవాడికి కావాల్సింది మొదటిది.

బి.ఎస్సీ. స్టాటిస్టిక్స్ వాళ్లకి ప్రాక్టికల్ ఉంటుంది కాబట్టి ఈ జతలు చేత్తోనే కుదురుతాయి, వాళ్లకి ఈ పేపర్ ధైర్యంగా చెప్పొచ్చు. ఇంజినీరింగులో ఒక్క సెమిస్టర్‌తో సరిపెట్టుకుని తర్వాత డేటా ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి అంత ధైర్యంగా చెప్పలేను. అక్కడ ఎక్సెల్ ముందు కూర్చోగానే ఇదే గొడవ కొత్త పేర్లతో ఎదురవుతుంది. స్టడెవ్ డాట్ ఎస్ అంటే ఎన్ మైనస్ 1, స్టడెవ్ డాట్ పి అంటే ఎన్. అక్కడ స్టెప్ మార్కులేసేవాళ్లు ఉండరు. శ్రీకాకుళం వైపు నుంచి పాస్ మార్కులు చాలనుకుని వచ్చేవాళ్లకి ఈ గోల అక్కర్లేకపోవచ్చు. వాళ్లు జీడిపప్పు లెక్క ఒక్కటి రెండు దారుల్లోనూ చేసి, రెండుసార్లూ 2.336 రాబట్టుకుంటే చాలు. టేబుల్స్ పుస్తకం కొనేటప్పుడు మాత్రం డబ్బులిచ్చే ముందే 0.00 గడి చూడండి, పాఠం చెప్పేవాళ్లు వాడే రకమో కాదో.