ఆన్‌లైన్ వీలునామా సర్వీసు రివ్యూ: రాత బాగుంది, సంతకం దగ్గరే చేతులెత్తేసింది

నిమిషాల్లో వీలునామా రెడీ అంటూ ఊదరగొట్టే ఆన్‌లైన్ సర్వీసుల్లో ఒకదాన్ని డబ్బు కట్టి, మొదటి ప్రశ్న నుంచి చివరి పేజీ దాకా వాడి చూశాను. కంపెనీ పేరు చెప్పను, ఇలాంటిది ఏది తీసుకున్నా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి. రేటింగ్ ముందే చెప్పేస్తా: రాతకు ఐదుకి నాలుగు, ఆ రాత రేపు కోర్టులో నిలబడటానికి కావాల్సిన మిగతా తతంగానికి ఒకటిన్నర.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. ప్రశ్నలు చక్కగా అడుగుతుంది. ఎవరికి ఏం ఇవ్వాలి అని అడిగి ఊరుకోదు, ఆ మనిషి మీకంటే ముందే పోతే వాటా ఎవరికి వెళ్లాలి అని కూడా అడుగుతుంది. సొంతంగా కాగితం మీద రాసుకునేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. పేరుపేరునా రాయని ఆస్తి, ఇకముందు కొనబోయే ఆస్తి ఎవరికి చెందాలన్నది విడిగా అడుగుతుంది, ఎగ్జిక్యూటర్‌కి, అంటే మీరు పోయాక వీలునామాను అమలు చేసే మనిషికి, బదులు ఇంకొకరిని పెట్టుకోమంటుంది, పిల్లలు మైనర్లైతే గార్డియన్ ఎవరని అడుగుతుంది. వచ్చిన పీడీఎఫ్ కూడా చదివితే అర్థమయ్యే భాషలో ఉంది. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

అసలు సమస్య పీడీఎఫ్ వచ్చాక మొదలవుతుంది. సంతకం గురించి వాళ్లిచ్చిన సూచన మొత్తం ఒక్క వాక్యం: ప్రింట్ తీసి సంతకం చేయండి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. అంతే. వీలునామాలు కొట్టుడుపోయేది చాలాసార్లు ఇక్కడే, ఎవరికి ఏమిచ్చారన్న దగ్గర కాదు. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ నడుస్తున్నది 1837 నాటి వీలునామాల చట్టం. దాని 9వ సెక్షన్ ప్రకారం రాసినవాళ్లు ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఎదురుగా ఉండగా సంతకం చేయాలి, లేదా ముందే చేసిన సంతకాన్ని చూపించి ఇది నాదేనని ఆ ఇద్దరి ముందూ ఒకేసారి ఒప్పుకోవాలి. ఆ తర్వాత సాక్షులు రాసినవాళ్ల సమక్షంలో సంతకం చేయాలి. భారతదేశంలో 1925 నాటి వారసత్వ చట్టం, 63వ సెక్షన్, కాస్త వెసులుబాటు ఇస్తుంది: సాక్షులు కనీసం ఇద్దరు ఉండాలి గానీ ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలని లేదు. కానీ ప్రతి సాక్షీ సంతకం జరగడం చూసి ఉండాలి, లేదా అది తమ సంతకమేనని రాసినవాళ్ల నోటి నుంచే విని ఉండాలి, తాము మాత్రం వాళ్ల ఎదుటే సంతకం పెట్టాలి.

ఇప్పుడు ఈ సర్వీసు వాక్యాన్ని నమ్ముకున్న మనిషి ఏం చేస్తాడో ఊహించండి. రాత్రి ఇంట్లో ప్రింట్ మీద సంతకం చేసేస్తాడు, మర్నాడు ఆఫీసులో ఒకరి టేబుల్ మీద పెట్టి ఇక్కడ ఒక సంతకం పెట్టు అంటాడు, వారం తర్వాత పక్కింటాయన చేత ఇంకొకటి పెట్టిస్తాడు. కాగితం చూడ్డానికి దివ్యంగా ఉంటుంది, మూడు సంతకాలూ ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఇది చెల్లదు. ఇంకోచోట చెల్లవచ్చు గానీ, ఆ సాక్షి రేపు బోనెక్కి, అది దేని మీద సంతకమో నాకు తెలీదు, ఆయన సంతకం చేయడం నేను చూడలేదు అంటే కథ అడ్డం తిరుగుతుంది. సాక్షులు లోపల ఏముందో చదవక్కర్లేదు, ఆ మాట కూడా సర్వీసు చెప్పదు. అది తెలియకే చాలామంది ఆస్తి వివరాలు బయటపడతాయని మొహమాటపడి ఇంట్లోవాళ్లనే సాక్షులుగా పెట్టేస్తారు.

అలా పెట్టే ఇంట్లోవాళ్లలోనే ఆస్తి రాబోయేవాళ్లు ఉంటారు, అదీ చిక్కు. ఇంగ్లండ్ చట్టంలో సాక్షికి గానీ, సాక్షి భర్తకో భార్యకో గానీ రాసిన వాటా పోతుంది, వీలునామా మాత్రం నిలుస్తుంది. భారత చట్టం 67వ సెక్షన్‌దీ అదే దారి, కాకపోతే అది హిందువులు రాసే వీలునామాలకు వర్తించదు. వర్తించకపోయినా లబ్ధి పొందే మనిషే సాక్షి అయితే అవతలి లాయరుకి పండగే. ఫారంలో లబ్ధిదారుల పేర్లు ఉన్నాయి, సాక్షుల పేర్లకూ గళ్లున్నాయి. రెండు చోట్లా ఒకే పేరు కొట్టి చూశాను, చిన్న హెచ్చరిక కూడా రాలేదు. వంట యాప్‌కి కూడా ఇంతకంటే ఎక్కువ బుర్ర ఉంటుంది.

పేజీ అమరిక ఇంకో తలనొప్పి. పంపకాలన్నీ ఆరో పేజీ చివర అయిపోయాయి, ఏడో పేజీలో మూడు సంతకాల గీతలు, మూడు తేదీ గళ్లు, మిగతాదంతా తెలుపు. ఇలాంటి విడి సంతకాల పేజీ దేనికైనా అతికించుకోవచ్చు కదా! ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసే లాయరు ఎవరైనా చివరి పేరా కొంతైనా సంతకాల పేజీలోకి వచ్చేలా చూస్తారు, ప్రతి పేజీ కింద చిన్న సంతకం పెట్టిస్తారు, సాక్షుల సంతకాల పైన మేమిద్దరం ఆయన సంతకం చేస్తుండగా చూశాం, ఆయన ఎదుటే మేమూ సంతకం చేశాం అని నాలుగు ముక్కలు రాయిస్తారు. ఇందులో ఆ నాలుగు ముక్కలూ లేవు. తర్వాత పెన్నుతో కొట్టివేతలు చేస్తే ఏమవుతుందో కూడా లేదు. దిద్దిన చోట రాసినవాళ్లు, సాక్షులు మళ్లీ సంతకం చేస్తే తప్ప ఆ దిద్దుబాటు మామూలుగా లెక్కలోకి రాదు.

మొదట్లో దేశం ఎంచుకోమని ఒక మెనూ వస్తుంది. సరదాకి ఫ్రాన్స్ నొక్కాను. మళ్లీ అదే ప్రింట్, అదే ఇద్దరు సాక్షులు. అక్కడి సివిల్ కోడ్ 970వ ఆర్టికల్ కింద మనం సొంతంగా రాసుకునే వీలునామా అక్షరం అక్షరం చేత్తో రాసి, తేదీ వేసి, సంతకం చేయాలి, సాక్షులతో పనిలేదు, టైపు చేసినది ఆ కోవలోకి రాదు. జర్మనీలోనూ ఇంట్లో రాసుకునే వీలునామా చేతిరాతలోనే ఉండాలి. అంటే ఆ మెనూ ఉత్త అలంకారం. చేతిరాత సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, 1948లో కెనడాలోని సస్కాచెవాన్‌లో సెసిల్ జార్జ్ హారిస్ అనే రైతు ట్రాక్టర్ కింద ఇరుక్కుపోయి, జేబులోని కత్తితో ట్రాక్టర్ ఫెండర్ (చక్రం పైనుండే రేకు) మీద, నేను ఇక్కడే పోతే అంతా నా భార్యకే అన్న అర్థంలో రెండు ముక్కలు గీకి పేరు చెక్కాడు. అక్కడ చేతిరాత వీలునామాకు సాక్షులు అక్కర్లేదు, కోర్టు ఒప్పుకుంది. ఆ ఫెండర్ ముక్క ఇప్పుడు సస్కాచెవాన్ యూనివర్సిటీ లా కాలేజీలో ఉంది.

ఫోన్ తెర మీద వేలితో సంతకం గీసే బటన్ కూడా ఇచ్చారు. అమెరికాలో నెవాడా 2001లోనే ఎలక్ట్రానిక్ వీలునామాలకు చట్టం చేసింది, తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలూ చేశాయి, వాటికీ షరతులు బోలెడు. భారత ఐటీ చట్టమైతే వీలునామాను ఎలక్ట్రానిక్ పత్రాల నుంచి మినహాయించింది. ఎవరు ఎక్కడ ఉన్నారో చూడకుండా అందరికీ ఆ బటన్ ఇవ్వడం బాధ్యతారాహిత్యం. దానికి తోడు క్లౌడ్ లాకర్ ఒకటి, మీ వీలునామా మా దగ్గర భద్రం అంటారు. లాకర్లో ఉండేది స్కాన్. సిరా సంతకాలున్న ఒరిజినల్ మీ దగ్గరే ఉండి, మీరు పోయాక దొరక్కపోతే, మీరే చించేసి రద్దు చేసుకున్నారని కోర్టులు అనుకునే అవకాశం ఉంది. కాపీతో నిరూపించడం అసాధ్యమేం కాదు, కానీ ఆ టెన్షన్ పడేది మీ పిల్లలు.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది మాత్రం, ఇంకొకరి తరఫున నింపండి అనే ఆప్షన్ చూశాక. కొడుకు తన లాప్‌టాప్‌లో తండ్రి వీలునామా నింపొచ్చు, ఎక్కువ వాటా తనకే రాసుకోవచ్చు, చివర్లో పూర్తి స్పృహలో ఉండి రాస్తున్నాను అన్న గడిలో టిక్కు కూడా తనే పెట్టొచ్చు. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో భారత సుప్రీంకోర్టు, వీలునామా వల్ల పెద్ద లాభం పొందే మనిషే దాని తయారీలో ముందుండి నడిపిస్తే అది అనుమానాస్పదమే, ఆ అనుమానం తీర్చే బాధ్యత వీలునామా చూపించిన వాళ్లదే అంది. మానసిక స్థితికి టిక్కు గడి ఏం సాక్ష్యం? 1870 నాటి బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో తీర్పు నుంచి ఇంగ్లండ్ కోర్టులు చూసేది, తాను చేస్తున్నది వీలునామా అని, తనకు ఏమేం ఉన్నాయో, ఎవరికి తన మీద హక్కు ఉందో ఆ మనిషికి తెలుసా లేదా అని. వయసు మీద పడినవాళ్లయితే అదే రోజుల్లో డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్, అందరినీ బయటికి పంపి వాళ్లతో విడిగా మాట్లాడిన లాయరు, ఇవీ పనికొచ్చేవి.

కస్టమర్ కేర్‌కి ఇవన్నీ రాస్తే, మా డాక్యుమెంట్ వంద శాతం చట్టబద్ధం అని ఒక రెడీమేడ్ జవాబు వచ్చింది. ఆ తర్వాత ఇంకో మెయిల్: మీ ప్లాన్ ముగుస్తోంది, వీలునామా చెల్లుబాటులో ఉండాలంటే రెన్యువల్ చేసుకోండి. సరిగ్గా సంతకాలు పడ్డ వీలునామాకు గడువు తేదీ ఉండదు. కొత్తది రాసినా, కావాలని చించేసినా, ఇంగ్లండ్ లాంటి కొన్ని చోట్ల పెళ్లి చేసుకున్నా రద్దవుతుంది గానీ, సబ్‌స్క్రిప్షన్ కట్టకపోతే రద్దవదు. ఆటో పే ఆపేసి, వాళ్ల ఆరు పేజీల రాతను మాత్రం లాయరు చేతిలో పెట్టాను, సంతకాల పేజీ ఆయన కొత్తగా రాస్తున్నాడు.